కారణం రాయాల్సిన గడి

పదకొండు శాతం. ఇందాక చూసినప్పుడు కూడా పదకొండే. మెమరీ పరీక్ష మొదలుపెట్టి ఎనిమిది నిమిషాలైంది, ఇంకా ముప్పావుగంటకు తక్కువ పట్టదు. పన్నెండు కొట్టేలోపు ఈ మదర్‌బోర్డు మీద నా తీర్పు రాసి సంతకం చేయకపోతే జాబ్ నంబరు తెర మీద ఎర్రగా మారి, బెంగళూరులో ఎవరో పెద్దసారు ఫోను మోగుతుందట. మోగనీ. ఏం రాయాలో నాకు పొద్దున పదింటికే తెలిసిపోయింది. తెలిసినా ఈ పరీక్ష నడపాల్సిందే, ఫలితం జత చేయనిదే ఫారం మీద నా సంతకం పడదు మరి. చచ్చినవాడి నాడి పట్టుకుని గంటసేపు కూర్చోమన్నట్టుంది. ఫారాలు తయారుచేసేవాళ్లు ఎప్పుడైనా ఫారం నింపారా? పన్నెండు శాతం. హమ్మయ్య, కదిలింది.

ఎంత ఆర్భాటమో ఈ బోర్డుకు. చేతిలోకి తీసుకుంటే నీళ్లు నింపిన ఇత్తడి చెంబంత బరువు. ఒంటి నిండా నల్లటి లోహపు రేకులు, వాటి మీద గీతలు, గీతల వెనక దీపాలు, కరెంటు ఇవ్వగానే వినాయక మంటపం ముందు లైట్లలా ఎరుపూ నీలమూ పరిగెడతాయి. పై మూలన అగ్గిపెట్టెంత తెర, అందులో ఏదో మృగం కళ్లు తెరుస్తుంది, మూస్తుంది. డబ్బా లోపల, బల్ల కింద, ఎవరు చూస్తారని దానికి కళ్లు? దీని ధరకు నా స్కూటీ వస్తుంది. దీని మీద నన్ను నాలుగు ముక్కలు రాయమంటే రాస్తాను. ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగానికి వంక పెట్టలేం, గంటసేపు గొడ్డుచాకిరీ చేయించినా చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది. డ్రైవులు ఐదు బిగించుకోవచ్చు, కానీ రెండోది విప్పాలంటే గ్రాఫిక్స్ కార్డు మొత్తం ఊడబెరకాలి. ఫ్యాను వైర్లు గుచ్చే పిన్నులన్నీ వేలు దూరని అంచున పెట్టారు, పెట్టినవాడిని ఒక్కరోజు నా బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. వీటన్నిటిలో నిజాయితీ ఉన్నది ఒక్కటే, కింద మూలన వెలిగే రెండంకెలు. యంత్రం ఎక్కడ ఆగిందో ఆ రెండంకెల్లో చెబుతుంది, ఉన్నమాట చెప్పి ఊరుకుంటుంది. ఇరవై రెండేళ్లుగా నేను ఎక్కువగా మాట్లాడింది వాటితోనే. మనుషులతో మాట్లాడాలంటే నాకు తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంత బరువూ ఇంత వెలుగూ మోసుకొచ్చి, దీని బతుకంతా నడుమనున్న చిన్న చదరంలో ఉంది. సాకెట్ అంటాం, ప్రాసెసర్ కూర్చునే చోటు. అందులో పదిహేడు వందల పైచిలుకు పిన్నులు, ఒక్కొక్కటి వెంట్రుకంత సన్నం. ఒకటి వంగినా, ఒకదాని మీద నలక పడినా ఎక్కడో ఒక పని ఆగిపోతుంది. అందుకే ప్రాసెసర్ లేనప్పుడు దాని మీద ప్లాస్టిక్ మూత ఉండాలి. పొద్దున వచ్చీ రాగానే మైక్రోస్కోపులో కన్ను పెడితే నాకేం కనిపించింది? కుంకుమ. ఎడమ మూలన నాలుగైదు వరసల మధ్య ఎర్రటి పొడి. ఇంకేదైనా అయితే అనుమానపడేదాన్ని, కుంకుమ నాకు తెలియకపోవడమేమిటి, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. ఫోటోలు తీశాను. తీసి, పద్ధతి ప్రకారం పరీక్షలకని బల్ల మీద ఉంచే ప్రాసెసర్ పెట్టి, మీట గట్టిగా నొక్కి బిగించి, నాలుగు ర్యామ్ ముక్కలు గుచ్చి ఆన్ చేస్తే రెండే కనిపించాయి. కార్డు మీద కస్టమర్ రాసిందీ అదే. "అప్పుడప్పుడు సగం మెమరీ కనపడతలేదు. పని నడుమ ఆగిపోతుంది. షాపోళ్లే బిగించిండ్రు. నేనైతే చెయ్యి పెట్టలె." ఆ చివరి మాట చదివితే ఒళ్లు మండుతుంది. అందరూ రాసేది అదే. కీబోర్డు కింద నుంచి చాయ్ కారుతుంటే కూడా నేను చెయ్యి పెట్టలేదనే రాస్తారు. ఒకాయన లాప్‌టాప్‌లోంచి బల్లి తోక తీసి చూపిస్తే, అది మీ దగ్గరే ఎక్కిందన్నాడు. చెయ్యి పెట్టలేదట. చెయ్యి పెట్టకపోతే బొట్టు ఎట్లా పెట్టారమ్మా, కాలితో పెట్టారా?

నాకు ఆ ఇల్లు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. కొడుకు పెద్ద పెట్టె పట్టుకొచ్చి ముందు గదిలో విప్పుతాడు, వంటింట్లోంచి తల్లి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వస్తుంది. లక్షలు పోసి తెచ్చిన వస్తువు, బొట్టు పెట్టకుండా వాడతారట్రా అంటుంది. వాడు వద్దమ్మా అని అననైనా అంటాడు, ఆమె విననైనా వినదు. కారుకు పెట్టలేదా, ఫ్రిజ్‌కు పెట్టలేదా, దీనికేం వచ్చింది? ఎక్కడ పెట్టాలి? వెతుకుతుంది, వస్తువుకు నుదురు ఎక్కడుందో వెతకడంలో వీళ్లకు మహా నేర్పు, సరిగ్గా మూత తీసి ఉన్న ఆ చదరమే నుదురులా కనిపిస్తుంది. ఉంగరపు వేలితో అద్దుతుంది. అద్దాక దండం. కొడుకేమో తల్లిని ఏమీ అనలేక, వారం తర్వాత వచ్చి మా నెత్తిన పడి, చెయ్యి పెట్టలేదని రాస్తాడు. ఆవిడ నా ముందుంటే అడిగేదాన్ని, మీ కంట్లో కూడా వేసుకుంటారా కుంకుమ అని. పందొమ్మిది శాతం. ఆవిడ పెద్ద బొట్టు, చేతికి మట్టిగాజులు, ముక్కుపుడక కూడా ఊహించేసుకున్నాను, ఇంక ఆవిడ గొంతు కూడా వినిపిస్తోంది. మనిషినే చూడకుండా ఇంతసేపు పోట్లాడుతున్నానంటే నాకే పిచ్చి పట్టినట్టుంది.

ఆమెనొక్కదాన్నీ అని ఏం లాభం, మా సత్యదేవ్‌గారు లేరూ? మేనేజరు. బందరు నుంచి వచ్చి పదిహేనేళ్లయింది, ఈ పార్క్‌లేన్ మేడ మీద సర్వీస్ సెంటర్లో యంత్రాలన్నీ ఆయన సొంత గోశాల అనుకుంటారు. దసరాకు మూడు రోజులు మూస్తున్నామనగా శనివారం మధ్యాహ్నం ఆయుధపూజ. "సుకన్యగారూ, మీరొక్కసారి లేవాలండీ" అంటూ పళ్లెం పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చారు. ఎందుకయ్యా నేనే అంటే, మిగిలినవాళ్లు మగవాళ్లు, కౌంటర్లో కూర్చునే నీహారికకేమో పెళ్లి కాలేదు, ముత్తైదువ చెయ్యే పడాలి. ఇరవై రెండేళ్ల అనుభవం, ఈ ఊళ్లో నా అంత చూపున్న చెయ్యి ఇంకోటి లేదని ఆయనే అంటారు, ఆ ఒక్కపూట మాత్రం నేను ముత్తైదువనే. ప్రతి ఏడాదీ ఇదే. పళ్లెంలో గంధం ఎండి గడ్డకట్టింది, నీళ్లు పోసి కలిపే ఓపిక కూడా లేకపోయింది నాకు, చేస్తున్న పని మధ్యలో వదిలి లేచాను కదా. కుంకుమ పొడిపొడిగానే చిటికెల నిండా తీసి అన్నిటికీ కొట్టుకుంటూ పోయాను. టెస్టింగ్ బల్లలకు, తెరలకు, సోల్డరింగ్ యంత్రానికి, ఏసీకి, చివరికి టీ మరిగించే కెటిల్‌కు. ఆయన వెనకాలే అగరుబత్తి పట్టుకుని "ఇంకాస్త నిండుగా పెట్టండి, సన్నగా ఉంటే ఏం బావుంటుంది" అంటుంటే, తీసుకో నిండుగా అని విసురుగా పెట్టాను. కొబ్బరికాయ నీళ్లు సర్వర్ వైర్ల మీద పడకుండా నేను అడ్డం నిలబడితే, శుభమా అని కొబ్బరికాయ కొడుతుంటే ఆ ముఖమేమిటండీ అన్నారు. నా ముఖం అంతే.

ఇరవై నాలుగు. గది తలుపుకున్న అద్దంలోంచి కౌంటరు కనిపిస్తుంది. మాకు కస్టమర్ల పేర్లు తెలియనివ్వరు, కార్డు మీద నంబరొక్కటే. పేరు చూస్తే మొహమాటం పుడుతుందని, కులమూ ఊరూ చుట్టరికమూ గుర్తొస్తాయని పైవాళ్ల నమ్మకం. మంచిదే, నాకు ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. అవతల ఆరుగురు కూర్చున్నారు. ఒకాయన ఫోను స్పీకర్‌లో పెట్టి అరుస్తున్నాడు. ఒకామె, యాభై దాటి ఉంటాయి, బూడిదరంగు చీర, పొద్దుటి నుంచీ అదే కుర్చీలో కూర్చుని, చుట్టూ జిప్పు ఉన్న నల్ల తోలు డైరీ ఒళ్లో పెట్టుకుని చదువుకుంటోంది. అరవదు, లేవదు, టైమెంతైందని నీహారికను అడగదు. అట్లాంటివాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, అంతలోనే కోపమూ వస్తుంది, ఇంత ఓపిక ఎందుకు దండగ అని. కౌంటర్ కుర్చీ నాకు పడదు. పోయినేడు మా విష్ణువర్ధన్ ఒక బోర్డు మీద స్క్రూడ్రైవర్ జారవిడిచి, నా చేతిలోనే పాడైందని ఫారంలో నిజం రాశాడు. కస్టమర్‌కు కొత్తది వచ్చింది, అది వచ్చేదాకా వాడుకోవడానికి మన దగ్గరిది ఒకటి ఇచ్చారు. వాణ్ని మాత్రం ఆర్నెల్లు బల్ల దగ్గర్నుంచి లేపి కౌంటర్లో కూర్చోబెట్టారు. రోజుకు నలభై మంది అరుపులు. నేనైతే ఆరు రోజులు కూడా ఉండలేను, ఏడో రోజు ఎవరినో కొడతాను.

ఫోన్. నాయన. తీయకపోతే తీసేదాకా చేస్తాడు. "బిడ్డా, నెట్ వస్తలేదు. ఎలుక కొరికినట్టున్నది." చిలకలగూడలో మూడో అంతస్తులో ఎలుక ఎక్కడిది నాయినా అంటే, "మరి ఊకెనే ఎట్ల పోతది? ఏదో కారణముండాలె గద" అన్నాడు. డబ్బా ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని పెట్టేశాను. ఎలుక. నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఏది పాడైనా ఎలుకే. మా నాయన జంగయ్య సికింద్రాబాద్ స్టేషన్లో సిగ్నళ్ల మరమ్మతు పని చేశాడు ముప్పై నాలుగేళ్లు. సిగ్నల్ ఆగిపోయిన ప్రతిసారీ రిజిస్టర్లో రాయాలి, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు బాగైంది, కారణం ఏమిటి. వానకు తడిసిన తీగె అయితే తడిసిందని రాసేవాడు. కానీ సగం సార్లు దానంతటదే ఆగి, నాయన వెళ్లి డబ్బా తలుపు తెరిచేసరికి దానంతటదే బాగైపోయేది. అప్పుడేం రాయాలి? కారణం తెలియదు అని రాస్తే పైనుంచి ఎర్రసిరా గీత కొట్టించుకుని తిరిగి వచ్చేది, ఒకసారి వివరణ కూడా అడిగారట. దాంతో ఎలుక అని రాయడం నేర్చాడు. ఎలుకను ఎవరూ వివరణ అడగరు. ఒక ఏడాది నలభై ఒక్క ఎలుకలు రాశాడు, పైనుంచి ఎవరో కంగారుపడి అరడజను బోన్లు పంపారు, ఏడాదంతా ఒక్కటీ పడలేదు. అమ్మ ఆ బోను ఒకటి తెచ్చి ఉల్లిగడ్డలు పోసుకుంది. "మీ నాయిన కొలువు ఎలుకలే చేసినయ్" అనేది మా అమ్మ విమలమ్మ, ఆమె నోటికి అడ్డులేదు. నేను డిప్లొమాలో చేరిన రోజే అనుకున్నాను, నా రాతలో ఎలుక ఉండకూడదని. ఇన్నేళ్లలో లేదు. తెలియదు అనే మాటా లేదు. చూస్తాను, వెతుకుతాను, దొరికేదాకా ఇంటికి వెళ్లను, కారణం రాయాల్సిన గడిలో కారణమే రాస్తాను. నీహారిక నవ్వుతుంది, సుకన్యక్క చూసిందంటే దేవుడు చూసినట్టే అని.

ముప్పై ఒకటి. చాలు, ఎదురుచూడ్డమెందుకు, ఫలితం తర్వాత జత చేసుకోవచ్చు. ఫారం తెరిచాను. కారణం దగ్గర నొక్కితే పట్టీ దిగుతుంది, తయారీ లోపం, కస్టమర్ వల్ల నష్టం, నీరు, పిడుగు, ఎలుకలు పురుగులు, ఇతరం. కస్టమర్ వల్ల నష్టం. వివరం: సాకెట్‌లో కుంకుమ, ఫోటోలు జతచేయడమైనది, వారంటీ వర్తించదు. కొట్టి, మేనేజర్ ఒప్పుకోలుకు పంపాను. వేళ్లు కొంచెం ఎక్కువ గట్టిగానే పడ్డాయి. ఆ పెద్దావిడకు ఇప్పుడు తెలుస్తుంది. పాపం కొడుకు, అనిపించింది ఒక్క క్షణం, వెంటనే ఆ పాపాన్ని కూడా విదిలించేశాను. నలభై శాతం. నలభై నాలుగు. కింద రోడ్డు మీద బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

నీహారిక తలుపు తోసుకుని వచ్చింది. "అక్కా, ఆ పెద్ద బోర్డు ఉన్నది గద, కస్టమర్‌కు చెప్పేసిన. ఒప్పుకుంటలేదక్కా."

పరీక్ష కూడా అవలేదు, సంతకం కూడా పడలేదు, అప్పుడే చెప్పడమేమిటే అని అరిచాను. "సత్యదేవ్ సర్ ఓకే కొట్టిండు గద, స్క్రీన్ మీద వచ్చింది" అంది. సరే, ఏమంటున్నాడు, మా అమ్మ అట్లాంటిది కాదంటున్నాడా? "ఆమెనే అక్కా. మగాయన కాదు. కుంకుమ అన్నంక నవ్వుతున్నది. ఒక్కసారి ఆ టెక్నీషియన్‌ను పిలువు, మాట్లాడత అంటున్నది." నవ్వుతోందట. అక్కడే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఫోనులో ఫోటో తెరిచి పట్టుకుని, మామూలుగా బయటికి వెళ్లనిదాన్ని, వెళ్లాను. నవ్వుతున్న మనిషి ఎవరా అని చూస్తే బూడిదరంగు చీర ఆమె లేచి నిలబడింది. నేను ఫోటో ముఖం ముందు పెట్టి, "ఇది చూడండమ్మా, ఎర్రగ కనపడుతుంది గద, ఇది కుంకుమ కాదా?" అన్నాను.

ఆమె కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. "కుంకుమనే" అంది. "గని నాది కాదు. మా ఇంట్ల మూడు తరాల సంది కుంకుమ డబ్బ లేదమ్మా. నా పేరు ఎలీసబెతు." ఒళ్లోంచి తీసి చంకలో పెట్టుకున్న ఆ జిప్పు పుస్తకం డైరీ కాదు, బైబిలు. నుదుటి మీద బొట్టు లేదు, పొద్దుటి నుంచీ అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, లేదన్న సంగతి ఇప్పుడే చూశాను. "మెట్టుగూడల ఉంట. పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్త. కుంకుమ రోజూ చూస్తనే ఉంట, అది స్క్రీన్ మీద." మళ్లీ నవ్వింది, నన్ను చూసి కాదు, ఏదో గుర్తొచ్చి. "చేతిల మూడు పెండ్లిండ్లున్నయ్. ఒకటేమో జీలకర్ర బెల్లం దగ్గరికి వస్తది, ఆగిపోతది. పది రోజుల సంది పిల్లగాని చెయ్యి ఆ పిల్ల నెత్తి మీదనే ఉన్నది. ఈ శనివారం ఇయ్యకపోతే ఆ ఫోటోగ్రాఫర్ ఇంక నా గడప తొక్కడు. నాకు పనిచ్చేది ఆయనొక్కడే." నేను మీ ఇంటికి ఎవరైనా వచ్చారేమో, పనిమనిషి, పక్కింటివాళ్లు, అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. "షాపుల బిగించిండ్రు, షాపుల విప్పిండ్రు, మూత పెట్టి మీకిచ్చిండ్రు. నేనైతే చెయ్యి పెట్టలె" అంది ఎలీసబెతు. కార్డు మీద రాసిన మాటే. చూసి చెప్తానని లోపలికి వచ్చేశాను.

షాపువాడు. అవును, షాపువాడే పెట్టి ఉంటాడు, దుకాణాల్లో శుక్రవారం శుక్రవారం పూజలు చేయరూ? కానీ సాకెట్‌లో కుంకుమ చూసి దాని మీద ప్రాసెసర్ బిగించే గుడ్డివాడు ఎవడు? ఎవడంటే, నేను. ఇవాళ పొద్దున నేనే బిగించాను, మీట గట్టిగా నొక్కి. అది పద్ధతి ప్రకారం, అది వేరు. యాభై ఎనిమిది. కౌంటర్లో బోర్డు తీసుకున్నప్పుడు తీసిన ఫోటో తెరిచాను, మూత ఉంది, మూత కింద ఏముందో ఫోటోకు తెలియదు. మూత ఎవరు తీశారు? నేను. ఎప్పుడు? పొద్దున. కాదు. పొద్దున వచ్చేసరికి మూత పక్కన ట్రేలో ఉంది. ఎందుకుంది? శనివారం తీశాను కనక. శనివారం మూత తీసి, బోర్డును మైక్రోస్కోపు కింద పెట్టి, అప్పుడే కదా సత్యదేవ్‌గారు పళ్లెం పట్టుకుని వచ్చింది, చేస్తున్న పని మధ్యలో వదిలి లేచాను అని గంట నుంచీ తిట్టుకుంటున్నానే, ఆ పని ఇదే. ఇదేనా? ఇదే. అరవై ఒకటి. మైక్రోస్కోపు మా బల్ల మీది సామానులోకల్లా పెద్దది, ఇనప స్తంభానికి బిగించి ఉంటుంది, తల పైకి కిందికి జరపడానికి పక్కన మర. ఆ తల పైభాగాన, సరిగ్గా నుదురు ఉండాల్సిన చోట, రూపాయి బిళ్లంత బొట్టు. ఇంకాస్త నిండుగా పెట్టమంటే విసురుగా పెట్టిన బొట్టు. గంధం లేకుండా, నున్నటి ఇనుము మీద, పొడి కుంకుమ. సగం రాలిపోయి ఉంది.

తెల్లకాగితం ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పరిచాను. మర తిప్పాను, పొద్దున తిప్పినట్టే. తల వణికినట్టు కిందికి జరిగింది, కాగితం మీద నాలుగు ఎర్రటి నలకలు పడ్డాయి. ఇంకోసారి తిప్పాను, ఇంకో రెండు.

అప్పుడు గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఇప్పుడు గుర్తొచ్చింది కాదు, పొద్దుటి నుంచీ ఎక్కడో ఉంది, నేనే దానికి వీపు తిప్పి కూర్చున్నాను. శనివారం ఆయన రాకముందు నేను ఒక్కసారి కన్ను పెట్టి చూశాను. వరసలు వరసలుగా బంగారు రంగు పిన్నులు, ఒక్క నలక లేదు, ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను కూడా. చూసింది రాసిపెట్టుకుని ఉంటే అయిపోయేది, రాయలేదు, అంతలోనే "ఒక్కసారి లేవాలండీ". గంట నుంచీ ఎవరితో పోట్లాడుతున్నాను నేను? ముక్కుపుడక, మట్టిగాజులు, కంట్లో వేసుకుంటారా అని అడగాలనుకున్న ఆ పెద్దావిడ ఎవరు? సాకెట్‌ను తుడిచి చూద్దామా అంటే, పొద్దున బల్ల మీది ప్రాసెసర్‌ను దాని మీద పెట్టి నొక్కాను, ఆ కుంకుమ పిన్నుల సందుల్లోకి నూరుకుపోయి ఉంటుంది. తుడిచాక బాగైనా, బాగవకపోయినా, అది ముందున్న జబ్బో నేను పెట్టిన జబ్బో ఎవరు చెప్పగలరు? ఎలీసబెతు ఇంట్లో పది రోజులుగా జరుగుతున్నది కుంకుమ వల్ల కాదు, అంతవరకే తెలుసు. అసలు లోపం ఏదో అందులో ఉంది, ఉండేది. దాన్ని కనుక్కోవడమే నా పని. దాన్నే నేను పాడుచేశాను.

సత్యదేవ్‌గారి గదికి కాగితం పట్టుకుని వెళ్లి చూపించాను. ఆయన కాగితం చూశారు, నన్ను చూశారు, లేచి తలుపు వేశారు. "ఎవరికి తెలుస్తుందండీ ఇది?" అన్నారు నెమ్మదిగా. మంచి మనిషే, నా మీద జాలితోనే అన్నారు. "ఆవిడ మీద వేయడం మాత్రం తప్పేలెండి, మార్చేద్దాం. ఎలుకలు పురుగులు అని ఉంది కదా, అది పెట్టేయండి. ఆవిడ మీద నింద ఉండదు, మీ మీదా ఉండదు. దానికీ వారంటీ లేదు కనక బోర్డు మాత్రం వెనక్కి ఇచ్చేస్తాం, అంతే." ఆయన నోట ఆ మాట రాగానే నాకు నవ్వొచ్చింది, పెద్దగా, ఆయన బెదిరిపోయేంత. ఇరవై రెండేళ్లు దాటుకుని, ఈ మేడ ఎక్కి, నా బల్ల దాకా వచ్చేసింది ఎలుక. నాయన మీద అంత కోపం ఎందుకు పెట్టుకున్నానో నాకిప్పుడు అర్థం కావడం లేదు, ఆయన ఎలుక వల్ల ఏ రైలూ ఆగలేదు, ఎవరి పనీ పోలేదు. "మీరు బల్ల దగ్గర లేకపోతే ఈ సెంటరు ఎట్లా నడుస్తుందండీ, ఆలోచించండి" అంటున్నారు సత్యదేవ్‌గారు. ఆలోచించాను. రోజుకు నలభై మంది, ఆర్నెల్లు. ఇంటికెళ్లాక కూడా చెవుల్లో వాళ్ల అరుపులే. ఆ పిల్లవాడి చెయ్యి పది రోజులుగా ఆ అమ్మాయి నెత్తి మీద.

తొంభై మూడు. పన్నెండుకు ఏడు నిమిషాలు. ఫారం వెనక్కి తెప్పించి, కారణం దగ్గర ఇతరం నొక్కాను. మన చేతిలో పాడైంది అనే వరస ఆ పట్టీలో లేదు, ఎందుకుంటుంది? గడి తెరుచుకుంది, కనీసం యాభై అక్షరాలు రాయాలట, వీళ్ల ఫారాలు తగలెయ్య. రాశాను. శనివారం పూజలో మైక్రోస్కోపుకు పెట్టిన బొట్టు రాలి సాకెట్‌లో పడింది, పెట్టింది నేనే, దాని మీద ప్రాసెసర్ బిగించింది నేనే, టెక్నీషియన్ సుకన్య. యాభై కాదు, చాలా ఎక్కువే అయ్యాయి. పరీక్ష నూరు చూపించింది, ఉన్న సగం మెమరీలో ఏ లోపమూ లేదట. దాన్ని జత చేసి పంపడానికి నొక్కాను. సత్యదేవ్‌గారు తన గదిలోంచి ఒప్పుకోలు కొట్టడానికి నాలుగు నిమిషాలు తీసుకున్నారు. పన్నెండుకు ఒక నిమిషం ముందు కొట్టారు. అలమరలోంచి వాడుకోవడానికిచ్చే బోర్డు ఒకటి తీశాను, దీపాల్లేనిది, మృగంలేనిది, పాతది, పని చేసేది. దాని మూత తీసి, కిటికీ దగ్గరికి పట్టుకుపోయి, మైక్రోస్కోపు లేకుండా, భూతద్దంతో చూసి, మూత పెట్టాను.

ఎలీసబెతు అదే కుర్చీలో ఉంది. నన్ను చూసి పుస్తకం జిప్పు వేసింది. కౌంటరు అవతల నిలబడి చెప్పాను, అందరూ వినేట్టే, మెల్లగా చెప్పడం నాకు రాదు. "అది మా కుంకుమనే అమ్మా. దసరాకు నేనే పెట్టిన. మైక్రోస్కోపు మీదికెళ్లి రాలింది. మీ తప్పు లేదు, మిమ్మల్ని గట్ల అన్నందుకు నాకు సిగ్గయితుంది. కొత్తది మూడు వారాలల్ల వస్తది, అప్పటిదాక ఇది వాడుకోండి." ఫోనులో అరుస్తున్నాయన అరవడం ఆపి చూశాడు. నీహారిక నోరు తెరిచి చూస్తోంది, ఆమె పక్కనున్న కుర్చీ ఖాళీగా ఉంది, రేపటి నుంచి నాదే.

ఎలీసబెతు ఆ బోర్డును రెండు చేతులా తీసుకుంది. "అయితే ఆ పిల్ల నెత్తి మీదికెళ్లి చెయ్యి తీయిస్త ఇయ్యాల" అంది. రెండడుగులు వేసి ఆగింది. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చింది. "మరి దానికి అసలు రోగమేందమ్మా? మొదట్ల సంది ఉన్నది? కొత్తది సుత గట్లనే అయితే?"

"తెల్వదమ్మా" అన్నాను. "నా చెయ్యి పడ్డంక ఇంక ఎవరికీ తెల్వదు."